డొల్ల స్టాక్‌లో ఏం నింపితే ఎయిర్ రైఫిల్ మోత తగ్గుతుంది, ఎవరికి తగ్గుతుంది?

ప్లాస్టిక్ స్టాక్ ఉన్న ఎయిర్ రైఫిల్ పేల్చినప్పుడు అసలు దెబ్బ వెనకే ఒక బోలు మోత వినిపిస్తుంది. భుజానికి ఆనించే భాగం లోపల ఖాళీగా ఉండటమే దీనికి కారణమనీ, అందులో ఏదో ఒకటి కూరితే తుపాకీ నిశ్శబ్దమైపోతుందనీ చాలామంది నమ్మకం. ఫోమ్ కొట్టించాక చప్పుడు సగానికి సగం తగ్గిందని ఒకరంటారు. ఇసుక పోసినా పక్కింటివాళ్ల ఫిర్యాదు ఆగలేదని ఇంకొకరంటారు. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు. మొదటివారు చెంపను స్టాక్‌కు ఆనించి విన్నారు, రెండోవారు గోడ అవతల ఉన్న చెవి సంగతి చెబుతున్నారు. ఈ రెండు చెవులకూ వినిపించేది ఒకే శబ్దం కాదు. గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది.

స్టాక్ ఎందుకు డొల్లగా ఉంటుంది

స్టాక్ అంటే బ్యారెల్, ట్రిగ్గర్, గాలిని నొక్కే గొట్టం లాంటి లోహ భాగాలన్నిటినీ పట్టి ఉంచే ఒళ్లు. దాని వెనక భాగం, అంటే భుజానికి ఆనేది, బట్. ముందు చెయ్యి పట్టుకునేది ఫోర్‌ఎండ్. బీచ్, వాల్‌నట్ లాంటి చెక్కతో చేసిన స్టాక్‌లో బట్ దాదాపు గట్టి దుంగే. సింథటిక్ స్టాక్ సంగతి వేరు. కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులోకి ఒత్తిడితో ఎక్కించి పోత పోస్తారు. ప్లాస్టిక్ మందంగా ఉంటే చల్లారడానికి చాలాసేపు పడుతుంది, చల్లారేటప్పుడు లోపలికి సొట్టలు పడుతుంది, ఖర్చూ పెరుగుతుంది. అందుకే గోడలను కొన్ని మిల్లీమీటర్ల మందంలోనే ఉంచి, బలం కోసం లోపల అడ్డు పట్టీలు వేసి, మిగతాది ఖాళీగా వదిలేస్తారు. వెనక రబ్బరు బట్ ప్యాడ్ బిగిస్తే అదొక మూసిన పెట్టె అవుతుంది.

ఇందులో వాడే ప్లాస్టిక్ కూడా ఒకటి కాదు. గాజు పీచు కలిపిన నైలాన్ గట్టిది, వేడికి తట్టుకుంటుంది. ఏబీఎస్ మధ్యరకం. పాలీప్రొపిలీన్ చవక, కాస్త మెత్తన, పైగా దానికి జిగురు ఓ పట్టాన అంటుకోదు. ఏం నింపాలన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఈ తేడా దగ్గరే మారిపోతుంది.

ఒక్క దెబ్బలో ఎన్ని చప్పుళ్లు

స్ప్రింగ్ రకం రైఫిల్‌ను తీసుకుందాం, డొల్ల మోత ఎక్కువగా బాధించేది దీన్నే. ట్రిగ్గర్ నొక్కగానే అణిచి ఉన్న స్ప్రింగ్ విడివడి పిస్టన్‌ను ముందుకు తోస్తుంది. పిస్టన్ ముందున్న గాలి ఒక్కసారిగా నలిగి, సన్నని రంధ్రం గుండా వెళ్లి పెల్లెట్‌ను, అంటే చిన్న గుండును, బయటికి నెడుతుంది. నలిగిన గాలి పిస్టన్‌ను కొంచెం వెనక్కి తన్నుతుంది, అది మళ్లీ ముందుకు వచ్చి ఆగుతుంది. తుపాకీ మొదట వెనక్కి, ఆ వెంటనే ముందుకు కదులుతుంది. ఇదంతా కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది. తర్వాత కూడా స్ప్రింగ్ చుట్లు కాసేపు కంపిస్తూనే ఉంటాయి.

కాబట్టి ఆ ఒక్క దెబ్బలో బ్యారెల్ మూతి దగ్గర గాలి విడుదలయ్యే చప్పుడు ఉంది, పిస్టన్ దెబ్బ ఉంది, స్ప్రింగ్ రొద ఉంది, ఆ కంపనం స్టాక్‌కు ఎక్కి మోగించే బోలు మోత ఉంది, చివర్లో పెల్లెట్ గురికి తగిలిన చప్పుడు ఉంది. పెల్లెట్ గనక ధ్వని వేగాన్ని, అంటే మామూలు వాతావరణంలో సెకనుకు దాదాపు 343 మీటర్లను, దాటితే గాలిని చీల్చే 'ఠాప్' దానికి అదనం. గొట్టంలో నూనె ఎక్కువై అది మండితే వచ్చే పేలుడు చప్పుడు ఇంకోటి.

వీటిలో స్టాక్‌లో నింపే పదార్థం తాకగలిగేది బోలు మోతను, దానితో పాటు స్టాక్ గుండా ప్రయాణించే కొంత కంపనాన్ని. మిగతా వాటి జోలికి అది పోలేదు.

స్ప్రింగ్‌కు బదులు నైట్రోజన్ నింపిన గ్యాస్ పిస్టన్ ఉన్న రైఫిల్‌లో స్ప్రింగ్ రొద ఉండదు, కానీ పిస్టన్ దెబ్బ ఉంటుంది, బోలు మోత కూడా వినిపిస్తుంది. ముందే గాలి నింపి ఉంచే పీసీపీ రకంలో కదిలే పెద్ద పిస్టన్ లేదు. అక్కడ మూతి దగ్గరి చప్పుడే రాజ్యమేలుతుంది. దాని స్టాక్‌లో ఏం నింపినా తేడా పట్టుకోవడం కష్టం.

గోడ మోగుతోందా, లోపలి గాలి మోగుతోందా

తీగను రెండు మేకుల మధ్య బిగించి మీటితే చప్పుడు బొటాబొటిగా వినిపిస్తుంది. అదే తీగను తంబురకు కడితే బుర్ర దాన్ని గదంతా నింపుతుంది. డొల్ల స్టాక్ చేసేదీ అదే పని. అయితే ఆ పని రెండు దారుల్లో జరుగుతుంది. రెండింటికీ మందు వేరు.

మొదటి దారి గోడలది. పల్చని ప్లాస్టిక్ గోడ కంపించి చుట్టూ ఉన్న గాలిని కదిలిస్తుంది. దీన్ని ఆపాలంటే గోడకు బరువు చేర్చాలి, లేదా బిగుతు పెంచాలి, లేదా కంపన శక్తిని వేడిగా మార్చి మింగేసే జిగట పదార్థాన్ని గోడకు అంటించాలి. ఈ మూడో పనినే డ్యాంపింగ్ అంటారు.

రెండో దారి లోపలి గాలిది. మూసిన ఖాళీలో గాలి తనకు సరిపడే పౌనఃపున్యం దగ్గర ఊగుతుంది. దీన్నే అనునాదం అంటాం. లెక్క కష్టమేమీ కాదు. ఖాళీ పొడవు 30 సెంటీమీటర్లు అనుకుందాం. రెండు చివరలూ మూసి ఉంటే అందులో సగం తరంగం ఇముడుతుంది. 343ను 0.60తో భాగిస్తే సుమారు 572 హెర్ట్జ్. బట్ ప్యాడ్ తీసేస్తే ఒక చివర తెరుచుకుని పావు తరంగమే ఇముడుతుంది, అప్పుడు 286 హెర్ట్జ్. నిజమైన స్టాక్ ఒక చివర సన్నగా, మరో చివర వెడల్పుగా ఉంటుంది, మధ్యలో పట్టీలుంటాయి కనుక అంకెలు అటూ ఇటూ అవుతాయి. కానీ ప్యాడ్ ఉన్నప్పుడూ తీసినప్పుడూ వేలి కణుపుతో తట్టి వింటే, స్వరం బాగా కిందికి దిగితే గాలి మోగుతోందని తెలుస్తుంది. స్వరం మారకుండా, అవతలి గోడను అరచేత్తో గట్టిగా అదిమినప్పుడు మోత చచ్చిపోతే అది గోడ పని. సాధారణంగా రెండూ కలిసే ఉంటాయి. ఈ పరీక్షంతా లోడు చేయని, స్ప్రింగ్ ఎక్కించని తుపాకీ మీదే అని వేరే చెప్పనక్కర్లేదు.

ఇక్కడ చాలామంది గమనించని ఒక విషయం ఉంది. దూది, పాలిస్టర్ పీచు, స్పాంజి లాంటివి శబ్దాన్ని మింగేది గాలి వాటి గుండా కదిలి రాసుకున్నప్పుడే. మూసిన ఖాళీలో మొదటి అనునాదం దగ్గర గాలి ఎక్కువగా కదిలేది మధ్యలో. చివరి గోడల దగ్గర పీడనం మారుతుంది గానీ గాలి దాదాపు కదలదు. అందుకే బట్ ప్యాడ్ వెనక రెండు అంగుళాల స్పాంజి ముక్క పెట్టి 'ఏమీ తేడా రాలేదే' అనుకునేవారికి తేడా రాకపోవడంలో వింత లేదు. అదే ముక్కను ఖాళీ మధ్యకు తోస్తే కథ మారుతుంది. గోడలకు సెంటీమీటరు మందం ఫోమ్ షీటు అంటించినా ఇదే ఇబ్బంది. 572 హెర్ట్జ్ దగ్గర పావు తరంగం 15 సెంటీమీటర్లు. దాని ముందు సెంటీమీటరు మందం ఏ మూలకూ రాదు.

డెసిబెల్ లెక్కలో రెండు చెవులు

ఇప్పుడు అసలు తగాదాకు వద్దాం. డెసిబెల్ కూడికలు మామూలు కూడికలు కావు. సమానమైన రెండు చప్పుళ్లు కలిస్తే 3 డెసిబెల్స్ పెరుగుతుంది, అంతే. 10 డెసిబెల్స్ తగ్గితే గానీ మన చెవికి సుమారు సగమైనట్టు అనిపించదు. దూరం రెట్టింపైతే బయటి ప్రదేశంలో 6 డెసిబెల్స్ తగ్గుతుంది.

లెక్క కోసం కొన్ని ఊహా అంకెలు వేసుకుందాం, ఇవి ఏ తుపాకీ మీదా కొలిచినవి కావు. 10 మీటర్ల దూరంలో మూతి చప్పుడు 70, పిస్టన్, స్ప్రింగ్ కలిపి 66, స్టాక్ మోత 60 డెసిబెల్స్ అనుకుందాం. మూడూ కలిస్తే 71.8. స్టాక్ మోతను పూర్తిగా మాయం చేశామనుకున్నా 71.5. తేడా 0.3 డెసిబెల్. అవతలి మనిషికి ఇది తెలిసే అవకాశమే లేదు.

ఇక షూటర్ చెవి. మూతి దాదాపు 90 సెంటీమీటర్ల దూరంలో ఉంది. పిస్టన్ గొట్టం 30 సెంటీమీటర్ల దగ్గర. స్టాక్ ఖాళీ భాగం 15 సెంటీమీటర్ల లోపే. అవే అంకెలను ఈ దూరాలకు మార్చితే మూతి 91, పిస్టన్, స్ప్రింగ్ 96.5, స్టాక్ కూడా 96.5 అవుతాయి. మొత్తం 100. స్టాక్‌ను తీసేస్తే 97.5. తేడా 2.5 డెసిబెల్స్, అంటే గుర్తుపట్టగలిగినంత. మరీ దగ్గరి దూరాల్లో ఈ సూత్రం అంత కచ్చితంగా పనిచేయదు, అయినా దిశ మాత్రం ఇదే.

ఇది గాలి గుండా వచ్చేదాని లెక్క. చెంప ఎముక స్టాక్‌కు ఆని ఉంటుంది కదా, ఆ కంపనం పుర్రె గుండా నేరుగా లోపలి చెవికి చేరుతుంది. ఈ దారి షూటర్‌కు మాత్రమే ఉంది. పైగా చెవి చప్పుడు గట్టిదనాన్ని అంచనా వేసేటప్పుడు కొంతసేపు, సుమారు సెకనులో అయిదో వంతు, కూడబెట్టి చూస్తుంది. కాబట్టి శిఖరం తగ్గకపోయినా మోత త్వరగా ఆగిపోతే చప్పుడే తగ్గినట్టు తోస్తుంది. 'టంగ్' కాస్తా 'టక్'గా మారుతుంది. ఫోమ్ నింపినవారికి సగం తగ్గినట్టు అనిపించడంలో భ్రమ పాలు ఉన్నా, అంతా భ్రమ కాదు.

ఫోన్ యాప్‌తో కొలిచి తేల్చేద్దామంటే అదీ కుదరదు. ఫోన్ మైకు మాట కోసం చేసింది. హఠాత్తు దెబ్బకు అది తన పరిమితి దగ్గర ఆగిపోతుంది. మామూలు శబ్ద మీటర్లలో వేగవంతమైన సెట్టింగ్ కూడా 125 మిల్లీసెకన్ల సగటు మీద నడుస్తుంది, కొన్ని మిల్లీసెకన్ల శిఖరం అందులో కరిగిపోతుంది. 'ముందు 92, తర్వాత 84' అని చూపించే స్క్రీన్ ఫొటోలను నేనైతే పట్టించుకోను.

ఏది నింపితే ఏమవుతుంది

పోలికకు వీలుగా ఖాళీ 0.8 లీటరు అనుకుందాం.

అందరూ ముందు అడిగేది డబ్బాలోంచి చిమ్మే పాలీయురేథేన్ ఫోమ్ గురించి. తలుపు చట్రాల సందుల్లో కొట్టేది ఇదే. గట్టిపడ్డాక చాలా తేలిక, ఘనమీటరుకు సుమారు 25 కిలోలు. 0.8 లీటరుకు 20 గ్రాములు. కాబట్టి బరువు వల్ల చప్పుడు తగ్గించడం దీని పని కాదు. అది గోడలకు అతుక్కుని ఎదురెదురు గోడలను ఒకదానికొకటి కట్టేస్తుంది, లోపలి గాలి ఊగడానికి చోటు లేకుండా చేస్తుంది. రెండు దారులకూ ఒకేసారి అడ్డు పడుతుంది కనుక ఫలితం బాగానే ఉంటుంది. ఖరీదైన ఫైబర్‌గ్లాస్ స్టాకుల్లోనూ లోపల ఫోమ్ నింపినవి ఉంటాయి.

చిక్కు ఇంకోచోట ఉంది. ఒకే భాగంగా వచ్చే ఈ ఫోమ్ గాలిలోని తేమతో గట్టిపడుతుంది. మూసిన ఖాళీలో బయటి పొర గట్టిపడి లోపలికి తేమ వెళ్లకుండా చేస్తుంది. మధ్యలో పచ్చిగా మిగిలింది తర్వాత ఎప్పుడో నెమ్మదిగా ఉబ్బుతుంది. పల్చని పాలీప్రొపిలీన్ గోడ అయితే ఉబ్బి వంకర తిరగొచ్చు. తక్కువ ఉబ్బే రకం, పొరపొరగా కొట్టడం, ఒక్కో పొరకూ ఆరే సమయం ఇవ్వడం వంటివి ఈ ప్రమాదాన్ని తగ్గిస్తాయి గానీ పూర్తిగా పోగొట్టవు. పచ్చి ఫోమ్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, చర్మానికీ ఊపిరికీ మంచివి కావు. అంతకంటే నాకు నచ్చనిది ఇది వెనక్కి తీసుకోలేని పని కావడం. బట్ గుండా పొడవాటి బోల్టు వెళ్లే స్టాక్ అయితే ఆ బోల్టు తల ఫోమ్‌లో పూడిపోతే, ఆ తర్వాత స్టాక్ ఊడదీయాలంటే తవ్వకమే.

పాలిస్టర్ పీచు, అంటే దిండ్లలో కూరేది, స్పీకర్ పెట్టెల్లో దశాబ్దాలుగా వాడుతున్నదే. గాలి మోతకు ఇది చక్కటి మందు. గోడ కంపనానికి దాదాపు ఏమీ చేయదు. తేమ పీల్చదు, ఎప్పుడైనా లాగేయొచ్చు. మరీ కుక్కితే గాలి దాని గుండా కదలలేక ఫలితం తగ్గుతుంది. వదులుగా, మధ్య భాగం నిండేలా ఉంటే చాలు. దూది, పాత గుడ్డలు, కాగితాలు కూడా ఇదే పని చేస్తాయి కానీ చెమ్మను పట్టి ఉంచుతాయి. పక్కనే ఉక్కు భాగాలున్నాయి కదా, తుప్పు.

బ్యుటైల్ షీట్లు, కారు తలుపుల లోపల అంటించే అల్యూమినియం పొర ఉన్న జిగట పలకలు, గోడ కంపనం కోసమే పుట్టినవి. గోడ వంగినప్పుడల్లా జిగట పొర రెండు వైపులా లాగబడి శక్తిని వేడిగా పోగొడుతుంది. గోడంతా కప్పనక్కర్లేదు, పట్టీలకు దూరంగా ఉన్న నడిమి భాగంలో అంటిస్తే ఎక్కువ లాభం. ఇబ్బందల్లా చెయ్యి పట్టని సన్నని ఖాళీలో అంటించడం. నా అంచనాలో పీచు, నాలుగు బ్యుటైల్ ముక్కలు కలిసి ఫోమ్ చేసే పనిలో అధిక భాగం చేస్తాయి, పైగా నచ్చకపోతే తీసేయొచ్చు.

ఇక బరువు నమ్మేవాళ్ల వాదన. నూనె కలిపిన మోడలింగ్ బంకమన్ను లీటరుకు 1.7 కిలోల దాకా తూగుతుంది. ఇసుక సుమారు 1.6. ఇసుక రేణువులు ఒకదానితో ఒకటి రాసుకుని కంపనాన్ని నిజంగానే బాగా మింగుతాయి. శబ్దం ఒక్కటే కొలమానమైతే ఇసుకను మించింది దొరకడం కష్టం. కానీ 0.8 లీటరు నిండితే 1.3 కిలోలు చేరుతుంది, మూట కట్టకుండా పోస్తే ఒక్క రేణువు ట్రిగ్గర్‌లోకి జారినా ముప్పే. బంకమన్ను ఎండలో మెత్తబడుతుంది, అందులోని నూనె కొన్ని ప్లాస్టిక్‌లకు కాలక్రమంలో పడకపోవచ్చు. దాన్ని నిండా కూరకుండా గోడ నడుమ ముద్దలుగా అద్దితే తక్కువ బరువుతోనే ఎక్కువ పని జరుగుతుంది.

సిలికాన్ సీలెంట్ మీద కూడా మోజు కనిపిస్తుంది. వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, ఉక్కుకు అది శత్రువు. వాసన లేని న్యూట్రల్ రకం నయం. కానీ ఇదీ తేమతోనే, పైనుంచి రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున గట్టిపడుతుంది. పెద్ద ముద్దగా పోస్తే మధ్యలో నెలలు గడిచినా పచ్చే. ఎపాక్సీని ఒకేసారి ఎక్కువ పోస్తే తనలో తనే వేడెక్కి ప్లాస్టిక్‌ను వంచగలదు. ప్లాస్టర్, సిమెంటు గురించి ఆలోచించడమే దండగ, దెబ్బలకు పొడై గలగలలాడతాయి.

ఏ పదార్థమైనా ఉండాల్సింది బట్ ఖాళీలోనే. ట్రిగ్గర్ కదిలే చోటుకూ, బ్యారెల్ వంచి లోడు చేసే రకంలో ఫోర్‌ఎండ్ లోపల లివర్ జారే గాడికీ అది చేరకూడదు.

బరువు చేరితే గురి ఎందుకు మారుతుంది

3 కిలోల రైఫిల్‌కు, దాని గరిమనాభికి 35 సెంటీమీటర్ల వెనక, 300 గ్రాముల బంకమన్ను చేర్చామనుకోండి. 0.3ను 35తో గుణించి మొత్తం 3.3తో భాగిస్తే 3.2. గరిమనాభి అన్ని సెంటీమీటర్లు వెనక్కి జరిగింది. 1.3 కిలోల ఇసుకైతే దాదాపు 10.6 సెంటీమీటర్లు. ముందుకు బరువుగా వాలే రైఫిల్‌కు కొంచెం వెనక బరువు హాయిగానే ఉంటుంది. అంతకు మించితే మూతి తేలిపోతుంది, నిలకడ పోతుంది.

స్ప్రింగ్ రైఫిల్‌లో ఇంకో మెలిక ఉంది. పెల్లెట్ బ్యారెల్ దాటకముందే తుపాకీ కదలడం మొదలవుతుంది. ఎక్కడ పట్టుకున్నాం, ఎంత గట్టిగా పట్టుకున్నాం అన్నదానికే పెల్లెట్ తగిలే చోటు మారుతుంది. బరువు, దాని చోటు మారితే ఆ కదలికా మారుతుంది. చప్పుడు కోసం చేసిన పని గురిని కదిలించిందని ఆశ్చర్యపోయేవాళ్లున్నారు, నిజానికి కదలకపోతేనే ఆశ్చర్యం. 20 గ్రాముల ఫోమ్‌తో లేదా పీచుతో ఈ గొడవ దాదాపు ఉండదు. తేలిక పదార్థాల పక్షాన ఉన్న గట్టి వాదన ఇదే.

మోత పుట్టే చోటే ఆపాలనేవారి మాట

మూడో వర్గం స్టాక్‌ను ముట్టుకోవద్దంటుంది. స్ప్రింగ్ లోపల వదులుగా ఉన్న గైడ్‌ను, అంటే దాన్ని వంగకుండా పట్టే కడ్డీని, బిగుతుగా అమరేదానితో మార్చి, చుట్లకు జిగట గ్రీజు పల్చగా రాస్తే రొద పుట్టదు, పుట్టనిదాన్ని స్టాక్ పెంచలేదు అంటారు. తర్కం సరైనదే. స్ప్రింగ్ రొద విషయంలో ఇది స్టాక్ నింపడం కన్నా బాగా పనిచేస్తుంది. కాకపోతే దానికి బలమైన స్ప్రింగ్‌ను అణిచి పట్టే కంప్రెసర్ సాధనంతో విప్పాలి, తెలియనివాళ్లకు అది ప్రమాదకరం. పైగా పిస్టన్ దెబ్బ ఎలాగూ మిగులుతుంది, ఆ దెబ్బకు డొల్ల బట్ మోగడమూ మిగులుతుంది.

వీళ్లు చెప్పే ఇంకో మాట మాత్రం ఎవరికైనా పనికొస్తుంది. బోలు మోత అనుకునేది ఒక్కోసారి వదులైన స్టాక్ స్క్రూల గలగల. స్ప్రింగ్ రైఫిల్ ముందుకూ వెనక్కూ తన్నే తన్నుకు అవి తరచూ సడలుతాయి. వాటిని బిగించాక మోత పోతే నింపడానికి ఏమీ మిగల్లేదు.

గోడ అవతలి చెవి కోసమే అయితే లెక్క వేరే దిక్కుకు పోతుంది. ధ్వని వేగాన్ని దాటుతున్న తేలిక పెల్లెట్ స్థానంలో, ఆ వేగం దాటనంత బరువైనది వాడితే ఆ 'ఠాప్' పూర్తిగా పోతుంది. గురి వెనక పెల్లెట్లను ఆపే రేకు పెట్టెకు బదులు లోపల మెత్తని బంక పదార్థం ఉన్న పెల్లెట్ ట్రాప్ పెడితే తగిలే చప్పుడు చచ్చిపోతుంది. ఈ రెండింటిలో ఏ ఒక్కటైనా, పైన లెక్కవేసిన 0.3 డెసిబెల్ కన్నా చాలా ఎక్కువే తగ్గిస్తుంది.